బ్యాండు మాస్టారు

పాఠశాల అనగానే ఎవరికైనా కొన్ని ధ్వనులు జ్ఞాపకం వస్తాయి. ఉదయపు గంట, ప్రార్థనాగీతం, ఎక్కాలు వల్లించే చిన్న తరగతుల కోలాహలం, సాయంకాలం ఇంటి గంట మోగగానే ఎగసే కేరింత. వీటి నడుమ సంవత్సరానికి రెండుసార్లు మాత్రం ఊరంతటికీ వినిపించే ధ్వని మరొకటి ఉంది. అది పాఠశాల బ్యాండు. ఆగస్టు 15వ తేదీన, జనవరి 26వ తేదీన ఆ వాద్యబృందం వీధుల్లోకి వస్తే అరుగుల మీది వృద్ధులు లేచి నిలబడతారు. పనిలో ఉన్న గృహిణులు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వస్తారు. కవాతు ముగుస్తుంది, మిఠాయిలు పంచుతారు, అందరూ ఇళ్లకు మళ్లుతారు. ఆ పది నిమిషాల వాదనం వెనుక ఎన్ని నెలల శ్రమ ఉన్నదో, ఎన్ని పొరపాట్లు ఉన్నాయో, ఎవరి మనసు ఎక్కడ నొచ్చుకున్నదో అడిగేవారు ఉండరు.

గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక పాత ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలో ఇరవై ఐదేళ్లుగా ఆ శ్రమ పడుతున్న వ్యక్తిని పిల్లలు బ్యాండు మాస్టారు అని పిలుస్తారు. ఆయనకు వేరే పేరు ఒకటి ఉన్నదన్న సంగతి జీతాల పట్టీ రాసే గుమాస్తాకు తప్ప తక్కినవారికి అంతగా పట్టదు. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ సైనిక సంగీత విభాగంలో శిక్షణ పొంది, పదిహేడేళ్లు పటాలం బ్యాండులో బ్యూగిల్ ఊది, ముప్ఫై ఐదు నిండాక ఆయన స్వగ్రామానికి తిరిగివచ్చారు. ఊళ్లో బడి ఉంది, బడిలో పాత వాద్యాలు ఉన్నాయి, వాటిని వాయించడం నేర్పేవారు లేరు. ఆ పనికి ప్రభుత్వం మంజూరు చేసిన కొలువు లేదు. యాజమాన్యం ఇచ్చే స్వల్పమైన గౌరవ వేతనమే ఉంది. హాజరుపట్టీలో అందరి పేర్ల తరువాత, పెన్సిలు గీత కింద ఆయన పేరు ఉంటుంది. దానికి ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. కవాతులో చివరి వరుసలో నడిచేవాడికి ముందున్న వరుసలన్నీ కనబడతాయని ఆయన నవ్వుతూ అంటారు.

జూన్ రెండో వారంలో బడి తెరవగానే ఆయన చేసే మొదటి పని సామాను గది తలుపు తీయడం. వేసవి రెండు నెలల ధూళి, గబ్బిలాల వాసన, ఎలుకలు కొరికిన గుడ్డ సంచులు. ఆ చీకట్లో నుండి ఒక్కొక్క వాద్యాన్నీ వరండాలోకి తెచ్చి, సామాను పుస్తకం తెరిచి సరిచూసుకుంటారు. సైడు డ్రమ్ములు ఆరు, పెద్ద డ్రమ్ము ఒకటి, బ్యూగిళ్లు రెండు, వేణువులు ఎనిమిది, ట్రయాంగిల్ ఒకటి, ఇత్తడి తాళాలు ఒక జత. ప్రతి వరుస చివరా ‘మంచి స్థితి’ అన్న రెండు మాటలు ఏటా ఒకే దస్తూరీలో కనిపిస్తాయి.

ఒకసారి ఆ వరండా మీదుగా పోతూ బడిలోని తెలుగు పండితులు ఆగి వాద్యాలను పరికించారు. భరతముని నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు తెగలుగా విభజించిందని చెప్పారు. తీగలు గలవి తతం, చర్మం మూసినవి అవనద్ధం, లోహంతో చేసి ఒకదానితో ఒకటి తాకించేవి ఘనం, రంధ్రాల గుండా గాలి ఊదేవి సుషిరం. డ్రమ్ములు అవనద్ధం, తాళాలు ఘనం, వేణువు, బ్యూగిల్ సుషిరం.

“మరి మీ బ్యాండులో తతం లేదు కదండీ మాస్టారూ” అన్నారు పండితులు.

“దాని బదులు మాకు కాళ్లు ఉన్నాయండి” అన్నారు బ్యాండు మాస్టారు.

అది చమత్కారం కోసం అన్న మాట కాదు. మొదటి మూడు వారాలు ఆయన ఏ విద్యార్థి చేతికీ వాద్యం ఇవ్వరు. నడిపిస్తారు. నిమిషానికి 120 అడుగుల వేగంతో, ఎడమ కాలు నేలను తాకిన క్షణానే అందరి ఎడమ కాళ్లూ తాకేటట్లు నడవాలి. ఏడాది నిండిన నాటి నుండి నడుస్తున్నవారికి మళ్లీ నడక నేర్పడమేమిటని కొత్త పిల్లలు నవ్వుకుంటారు. రెండు రోజులు గడిచేసరికి ఆ నవ్వు పోతుంది. ఒంటరిగా నడవడం అందరికీ వచ్చు. పక్కవాడి నడకను వింటూ నడవడం ఎవరికీ రాదు. పొడుగువాడు అడుగు కుదించుకోవాలి, పొట్టివాడు చాచుకోవాలి, చురుకైనవాడు ఆగాలి, మందకొడి త్వరపడాలి. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా భావించిన సంగీత సంప్రదాయం మనది. ఆ తండ్రి మొదట పరిచయమయ్యేది పాదాలకేనని మాస్టారి విశ్వాసం. తరువాత పెద్ద డ్రమ్ము వచ్చి చేసే పని కూడా అదే. ఎడమ కాలు పడే చోట అది మోగుతుంది.

జూలైలో కర్రలు చేతికి వస్తాయి. అప్పుడు కూడా డ్రమ్ము రాదు. పాత బల్ల చెక్కల మీద సాధన. కుడిచేతితో రెండు దెబ్బలు, ఎడమచేతితో రెండు దెబ్బలు. బ్యాండు నేర్చినవారందరూ ఎరిగిన ‘డాడీ మమ్మీ’ పాఠం అదే. మొదట నెమ్మదిగా, క్రమంగా వేగంగా, చివరకు దెబ్బలు విడివిడిగా వినబడక వానజల్లులా ఒక్కటే ధారగా సాగేవరకు. డ్రమ్ము మీదనే ఎందుకు నేర్పరని అడిగిన పిల్లలకు ఆయన చెప్పే సమాధానం ఒకటే. “డ్రమ్ము తప్పును కూడా గంభీరంగా పలుకుతుంది. చెక్క తప్పును తప్పుగానే పలుకుతుంది. ముందు చెక్కతో స్నేహం చేయండి.”

బ్యూగిల్ కథ వేరు. దానికి మీటలు లేవు, రంధ్రాలు లేవు. సైనిక సంకేతాలన్నీ దాని మీద అయిదు స్వరాలతోనే పలుకుతాయి. ఆ అయిదింటినీ పెదవుల బిగువుతో, ఊపిరి నియమంతో తెచ్చుకోవాలి. బలం ఉన్నవాడు గట్టిగా ఊదితే గాలి వస్తుంది, స్వరం రాదు. బుగ్గలు ఉబ్బించి తల తిరిగి కూర్చున్న బాలుడికి మంచినీళ్లు ఇచ్చి, “బలం వద్దు నాన్నా, ఓపిక తెచ్చుకో” అనడం ఆయన ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు.

తక్కిన పాఠాలకూ బ్యాండుకూ ఒక భేదం ఉన్నదని ఆయన చాలాకాలానికి గ్రహించారు. గణితంలో తప్పు చేసినవాడి తప్పు వాడి నోటుపుస్తకంలో ఉంటుంది. దానిని ఉపాధ్యాయుడు చూస్తాడు, ఎర్ర సిరాతో దిద్దుతాడు, పుస్తకం మూసివేస్తే అది దాగిపోతుంది. బ్యాండులో చేసిన తప్పు ఆ క్షణానే బడి అంతటికీ వినబడుతుంది. దానిని చెరిపివేయడానికి వీలులేదు. కాబట్టి ఈ విద్యలో తప్పుకూ అవమానానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఆ కాస్త దూరాన్ని కాపాడటమే బ్యాండు మాస్టారి ముఖ్యమైన పని. ఈ సంగతి తనకు పచ్‌మఢీలో ఎవరూ చెప్పలేదనీ, తాను మరొకరికి నొప్పి కలిగించి నేర్చుకున్నాననీ ఆయన అంటారు.

ఆగస్టు వస్తుంది. ఆ నెలలో పాఠమంతా జాతీయగీతం చుట్టూ తిరుగుతుంది. దానిని పూర్తిగా ఆలపించడానికి పట్టవలసిన కాలం సుమారు 52 సెకన్లు. కొన్ని సందర్భాలలో మొదటి, చివరి పాదాలు మాత్రమే వినిపించే సంక్షిప్త రూపానికి సుమారు 20 సెకన్లు. మాస్టారు చేతి గడియారం విప్పి బల్ల మీద పెడతారు. పిల్లల ఉత్సాహానికి గీతం మొదట 45 సెకన్లకే ముగుస్తుంది. జాగ్రత్తగా వాయించమని చెబితే నిమిషం దాటుతుంది. ఆ రెండింటి మధ్య 52 సెకన్ల జాడ పట్టుకోవడానికి రెండు వారాలు పడుతుంది.

ఆ సందర్భంలోనే ఆయన ఏటా పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి ఒక కథ చెబుతారు. 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారి వినిపించిన ఆ గీతానికి మన తెలుగు నేలతో ఒక బంధం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి కొన్నాళ్లు ఉన్నారు. అక్కడి సభలో ఆయన స్వయంగా ఈ గీతం ఆలపించారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశీయుడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చదివిన విదుషి. రవీంద్రులతో కూర్చుని ఆమె ఆ బాణీకి స్వరలిపి సిద్ధం చేశారు. గీతానికి ఆంగ్లానువాదం కూడా కవి అక్కడే చేశారు. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగ సభ దీనిని జాతీయగీతంగా స్వీకరించింది.

“ఆ తల్లిది మన దేశం కాదు, మన భాష కాదు. అయినా ఒక పాట విని, తప్పు పోకుండా కాగితం మీద నిలిపింది. మీరు దాన్ని తొందరపడి పాడు చేయకండి” అని కథ ముగిస్తారు. ఆ మరునాడు గడియారం 52 దగ్గరికి రావడం ఆయన చాలాసార్లు చూశారు.

మరొక సంవత్సరపు జ్ఞాపకం ఆయనకు ఎంతో ప్రీతికరమైనది. ఎనిమిదో తరగతి బాలుడొకడు కర్రలు పట్టిన మొదటి రోజే మణికట్లు అలవోకగా తిప్పాడు. నెలరోజుల పాఠం వాడికి వారంలో వచ్చేసింది. ఎక్కడ నేర్చావని అడిగితే తల వంచుకున్నాడు. దసరా సెలవులకు ముందు ఊరి జాతరలో మాస్టారికి సమాధానం దొరికింది. డప్పు కొడుతున్న తండ్రి పక్కన ఆ బాలుడు నిలబడి ఉన్నాడు. మాస్టారిని చూడగానే తండ్రి వెనక్కు జరిగాడు. తండ్రి వృత్తి తోటివారికి తెలిస్తే ఎగతాళి చేస్తారన్న భయం వాడిది.

వారం తరువాత మాస్టారు ఆ తండ్రి ఇంటికి స్వయంగా వెళ్లి, “ఒకపూట మా పిల్లలకు పాఠం చెప్పాలి, తప్పక రావాలి” అని ఆహ్వానించారు. ఆయన మొదట నమ్మలేదు. తరువాత తెల్లని చొక్కా ధరించి, డప్పు భుజాన వేసుకుని వచ్చాడు. మైదానంలో గడ్డి మంట వేసి, డప్పు చర్మాన్ని ఆ సెగకు ఎలా కాచాలో చూపాడు. చెమ్మకు సడలిన చర్మం వేడికి బిగిసి కంచులా మోగింది. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సన్నని చిటికెన పుల్ల పట్టుకునే తీరు చూపాడు. పెళ్లికి ఏ దరువు, జాతరకు ఏ దరువు, సాగనంపడానికి ఏ దరువు అన్నది వివరించాడు. మరలు తిప్పి డ్రమ్ము బిగించడమే తెలిసిన పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఆ బాలుడు తండ్రి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆనాటి నుండి సైడు డ్రమ్ముల వరుసకు వాడే నాయకుడు. “ఆ రోజు నేను నేర్పింది ఏమీ లేదు. నేర్పగలవారిని పిలిచాను, అంతే” అంటారు మాస్టారు.

నవంబరు నెల ఆయనకు ఏటా పరీక్షే. అప్పటికి బ్యాండు ఒక రూపానికి వస్తుంది. సరిగ్గా అప్పుడే పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. తల్లిదండ్రులు వస్తారు, “మార్చిలో పబ్లిక్ పరీక్షలండి, ఇక డ్రమ్ములు మాన్పించండి” అంటారు. ప్రధానోపాధ్యాయులు సానుభూతితోనే చెబుతారు, కానీ చెప్పేది అదే. నాలుగేళ్లు నేర్చినవారు ఒక్కరోజున వెళ్లిపోతారు. వారి చోట ఏడో తరగతి పిల్లలు వస్తారు. మళ్లీ ఎడమ కాలు, మళ్లీ చెక్క బల్ల. శిల్పి చెక్కిన విగ్రహం నిలుస్తుంది, వడ్రంగి చేసిన తలుపు నిలుస్తుంది. బ్యాండు మాస్టారి పని నీటిమీద రాత. తొలినాళ్లలో ఆయనకు ఇది కోపం తెప్పించేది. ఆ కోపంలో, ఆ తొందరలో, ఆయన మరచిపోలేని పొరపాటు ఒకటి జరిగింది.

అది ఆయన బడిలో చేరిన మూడో సంవత్సరం. ఆ ఏడు జనవరి 26వ తేదీన మండల కేంద్రంలో పాఠశాలల బ్యాండులన్నీ కలసి కవాతు చేయాలి. ఉత్తమ బృందానికి బహుమతి. పెద్ద పిల్లలు వెళ్లిపోగా మిగిలిన వారితో ఆయన రాత్రింబవళ్లు సాధన చేయించారు. ఆజాద్ హింద్ ఫౌజు కోసం కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురి బాణీ కట్టిన నడక గీతం ఎంచుకున్నారు. తాళాలు పట్టిన వాడు తొమ్మిదో తరగతి బాలుడు. నెమ్మదస్థుడు. ఏ రోజూ సాధన మానలేదు. తాళాలను ఎదురెదురుగా సమంగా కొడితే నడుమ గాలి చిక్కి ధ్వని మూగబోతుందనీ, ఒకదాని అంచు ముందుగా తగిలేటట్లు కొంచెం ఏటవాలుగా కొట్టాలనీ చెబితే దానిని చక్కగా పట్టుకున్నాడు. ధ్వని బాగా వచ్చేది. కానీ లయలో వెంట్రుకవాసి వెనుకబడేవాడు. పెద్ద డ్రమ్ము మోగాక, దానిని విని, అప్పుడు కొట్టేవాడు. విని కొడితే ఆలస్యమవుతుందని వాడికి ఎంత చెప్పినా అర్థం కాలేదు.

జనవరి 25వ తేదీ సాయంత్రం మాస్టారు వాణ్ణి పక్కకు పిలిచారు. “రేపు నువ్వు వరుసలో నడు. చేతులు అందరిలాగే ఆడించు. కానీ తాళాలు తాకనివ్వకు. దగ్గరికి తెచ్చి ఆపేయి. ఎవరికీ తెలియదు” అన్నారు.

బాలుడు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. “అలాగేనండి మాస్టారూ” అన్నాడు.

మరునాడు కవాతు ఏ లోపమూ లేకుండా సాగింది. బహుమతి వచ్చింది. ఊళ్లోకి తిరిగి వచ్చాక పిల్లలందరూ డ్రమ్ములు వరండాలో పడవేసి కేరింతలు కొడుతూ ఇళ్లకు పరుగెత్తారు. ఆ బాలుడు ఒక్కడే ఆగి, తాళాలను శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, మాస్టారి చేతికి ఇచ్చి వెళ్లాడు. మరుసటి వారం సాధనకు రాలేదు. పిలిపిస్తే చదువు ఉందన్నాడు. ఆ తరువాత పదో తరగతి ముగించుకుని వెళ్లిపోయాడు. ఆ ఏప్రిల్‌లో సామాను పుస్తకంలో మాస్టారు ఎప్పటివలెనే ‘తాళాలు – 1 జత – మంచి స్థితి’ అని రాశారు. రాస్తుంటే చేయి ఆగింది. నిజమే, అవి మంచి స్థితిలోనే ఉన్నాయి. ఆ రోజు వాటిని ఎవరూ మోగించలేదు.

తాను ఎందుకు అలా చేశానని ఆయన తరువాత చాలాకాలం ఆలోచించారు. బృందం కోసం ఒక్కడిని ఆపడం తప్పా అని తనను తాను సమర్థించుకున్నారు. తక్కిన ఇరవై మంది శ్రమ వృథా కాకూడదు కదా అనుకున్నారు. సైన్యంలో అయితే అది సబబే. అక్కడ బ్యాండు పటాలం కోసం ఉంటుంది, వాయించలేనివాణ్ణి మారుస్తారు. కానీ బడిలో బ్యాండు ఎవరి కోసం? వేదిక మీది అతిథుల కోసమా, వరుసలోని పిల్లల కోసమా? అతిథుల కోసమే అయితే పట్నం నుండి మంచి బ్యాండును కుదుర్చుకోవచ్చు. పిల్లల కోసమైతే, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాణ్ణి నేర్చుకున్నట్లు నటించమని చెప్పిన ఉపాధ్యాయుడు ఏమి నేర్పినట్లు? వాడు తప్పు కొట్టి ఉంటే ఆ తప్పు మూడు నిమిషాలు వినబడేది. తాను కొట్టవద్దన్న మాట వాడికి ఎన్నాళ్లు వినబడుతూ ఉంటుందో!

అప్పటి నుండి ఆయన పద్ధతి మారింది. బాణీకి తగిన పిల్లలను వెదకడం మాని, పిల్లలకు తగినట్లు బాణీని సవరించడం మొదలుపెట్టారు. లయ అందనివాణ్ణి పెద్ద డ్రమ్ము పక్కనే నిలిపి, చెవితో కాక కాలితో లెక్క పెట్టించారు. అప్పటికీ అందకపోతే ప్రతి చరణం చివర ఒక్క దెబ్బ మాత్రం వాడికి కేటాయించారు. ఆ ఒక్కటి వాడిదే. వాడు కొట్టకపోతే ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. పోటీలలో బహుమతులు తగ్గాయి. “మునుపటి పదును లేదేమిటి మాస్టారూ?” అని ఒక ప్రధానోపాధ్యాయులు అడిగారు. “పదును తగ్గిందండి, పిల్లలు పెరిగారు” అన్నారాయన. పదిహేడు మంది ఉండే వరుసలో ఆ ఏడు ముప్ఫై ఒక్కమంది ఉన్నారు.

మొన్నటి విద్యాసంవత్సరం ఆరంభంలో, జూన్‌లో ఒక ఉదయం, ముప్ఫై ఆరేళ్ల వ్యక్తి ఒక బాలికను వెంటబెట్టుకుని సామాను గది వరండాకు వచ్చాడు.

“నమస్కారమండి మాస్టారూ. మా అమ్మాయి. ఏడో తరగతిలో చేర్చాను. బ్యాండులో చేరతానంటోంది.”

“సంతోషం. ఏం వాయిస్తావమ్మా?” అని మాస్టారు యథాప్రకారం అడిగారు.

బాలిక తండ్రి వంక చూసింది. “ఏదైనా ఫరవాలేదండి. మోగేది ఇవ్వండి, చాలు” అన్నాడు తండ్రి.

మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని ఆ ముఖాన్ని మళ్లీ చూశారు. కుర్చీలో నుండి లేచారు. “ఆనాడు నేను చేసింది తప్పు నాయనా” అన్నారు.

“చిన్ననాటి సంగతండి. మీరు గుర్తు పెట్టుకున్నారా?” అని అతడు ఆశ్చర్యపడ్డాడు. కొంచెం ఆగి అన్నాడు: “ఆ రోజు మా అమ్మ కూలిపని మానుకుని, బస్సెక్కి కవాతు చూడటానికి వచ్చిందండి. సాయంత్రం ఇంటికి వెళ్లాక, అన్నిటికంటే నీ తాళాలే బాగా వినబడ్డాయిరా అంది. ఆవిడకు నేను నిజం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదండి.”

మాస్టారు ఏమీ మాట్లాడలేకపోయారు. ఆ బాలిక అప్పటికే వరండాలో పరచిన వాద్యాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది. డ్రమ్ములను దాటి, వేణువులను దాటి, ఇత్తడి తాళాల మీది గుడ్డ విప్పుతోంది.

ఆమెకు లయ తండ్రి వలెనే వచ్చింది, అంటే వెంట్రుకవాసి ఆలస్యంగా. జూలై, ఆగస్టు నెలలలో మాస్టారు ఆమెను పెద్ద డ్రమ్ముకు ఎడమ పక్కన నడిపించారు. “డ్రమ్మును వినకమ్మా, నీ ఎడమ కాలిని విను. కాలు లేచేటప్పుడే చేతులు బయలుదేరాలి” అని నేర్పారు. ఆగస్టు 15 నాటికి పదింటిలో ఆరు దెబ్బలు సరిగా పడ్డాయి. దసరా తరువాత ఏడు. నవంబరులో పదో తరగతి పిల్లలు వెళ్లిపోయినప్పుడు ఆ ఏడు మాస్టారికి కోపం రాలేదు. వెళ్లేవారిని వరుసగా నిలిపి, తమ వాద్యాన్ని తమ తరువాతి వారి చేతికి స్వయంగా ఇమ్మన్నారు. నీటిమీద రాత అనుకున్నది నిజానికి చేతి నుండి చేతికి పోతున్నదని ఆయనకు అప్పుడు తోచింది.

జనవరి 26వ తేదీ ఉదయం పల్చని మంచు పొర ఇంకా విడలేదు. జెండా ఎగిరింది. గీతం 53 సెకన్లకు ముగిసింది. కవాతు మొదలైంది. చివరి చరణంలో తాళాలకు నాలుగు దెబ్బలు ఉన్నాయి. మూడు సరిగా పడ్డాయి. ఒకటి వెంట్రుకవాసి ఆలస్యమైంది. వేదిక మీది పెద్దలలో ఎవరైనా దానిని గమనించారో లేదో తెలియదు. మాస్టారి చెవి గమనించింది. మైదానం అంచున ఆ బాలిక తండ్రి నిలబడి ఉన్నాడు. అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక వృద్ధురాలు కూర్చుని, చేతిని చెవి వెనుక దొన్నెలా పెట్టుకుని వింటున్నది.

విద్య ఫలితాన్ని కొలవడానికి లోకం దగ్గర మార్కులు ఉన్నాయి, శ్రేణులు ఉన్నాయి, బహుమతులు ఉన్నాయి. అవి అవసరమైనవే. కానీ విద్యార్థి మనసులో ఉపాధ్యాయుడు విడిచిన మాట ఏమి చేస్తున్నదో చూపే కొలమానం ఏదీ లేదు. ఒక మాట ఇరవై ఏళ్లు మౌనంగా ఉండి, ఒక ఉదయం గుమ్మంలోకి వచ్చి నిలబడవచ్చు. అందుచేత నేర్పేవాడు తాను నేర్పుతున్న విద్య కంటే, నేర్చుకుంటున్న మనిషి పట్ల ఎక్కువ జాగ్రత్త వహించాలి. లయ తప్పినవాణ్ణి లయలోకి తేవచ్చు. వరుస తప్పించినవాణ్ణి తిరిగి తేవడం అన్నివేళలా సాధ్యం కాదు.

ఏప్రిల్ చివరివారంలో బడి మూసే రోజున మాస్టారు వాద్యాలన్నీ తుడిపించి సామాను గదిలో పెట్టించారు. బాలిక తాళాలను గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. “జూన్‌లో మళ్లీ నాకే ఇస్తారా మాస్టారూ?” అని అడిగింది. “నీకే ఇస్తానమ్మా” అన్నారాయన. ఆమె వెళ్లిన తరువాత సామాను పుస్తకం తెరిచారు. డ్రమ్ములు, బ్యూగిళ్లు, వేణువులు, ట్రయాంగిల్ – అన్నింటికీ ఎప్పటిలాగే ‘మంచి స్థితి’ అని రాశారు. చివరి వరుసకు వచ్చేసరికి కలం ఆపి ఆలోచించి, ఇరవై ఐదేళ్లలో తొలిసారిగా మాట మార్చారు.

‘తాళాలు – 1 జత – మోగుచున్నవి.’